అర్థం కాలేదన్నవాళ్ళకి టీ

మేష్టారు పోయారన్న కబురు నాకు జొన్నాడ వంతెన మీద తెలిసింది. ఆలమూరులో ఒక కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కూర్చునే ఉద్యోగం నాది. కొత్తపేట నుంచి వచ్చి, రావులపాలెంలో బస్సు మారి, గోదావరి దాటి రోజూ అక్కడికి వెళ్తాను. ఆ పొద్దున వంతెన మీద ఏదో లారీ ఆగిపోయి మా బస్సు కదలడం లేదు. ఫోను చేసింది మేష్టారి కంప్యూటర్ సెంటరు కింద కుట్టుమిషను పెట్టుకున్న టైలరుగారు.

"అమ్మాయిగారూ, మేష్టారు పోయేరండి. తెల్లారగట్ల నిద్దట్లోనేనంటండి. బాధ పళ్ళేదంటండి."

"ఆయ్" అన్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా నీరసం ఆవరించింది. చెయ్యాల్సిన పని చెయ్యకుండానే రోజు గడిచిపోయిందని తెలిసినప్పుడు వచ్చే నీరసం అది.

ఆ పనేమిటో ముందే చెప్పేస్తాను. మేష్టారు మూడేళ్ళుగా ఒక వెబ్‌సైటు తయారు చేస్తున్నారు. కంప్యూటర్ని మొదటిసారి ముట్టుకునేవాళ్ళు, పక్కన చెప్పేవాళ్ళెవరూ లేకపోయినా, చదువుకుంటూ చేసుకుపోయేలా తెలుగులో రాసిన పాఠాలు. అన్నీ అయిపోయాయి. చివరి పేజీ ఒక్కటే మిగిలింది. అది రాస్తానని ఒప్పుకున్నది నేను. అది పూర్తయితే తప్ప సైటు నెట్లోకి ఎక్కించేది లేదని ఆయన పట్టు. నేను పూర్తి చెయ్యలేదు. ఆయన చూడకుండానే వెళ్ళిపోయారు.

మీలో కొత్తపేట చుట్టుపక్కల పెరిగినవాళ్ళకి ఆయన టైపు మేష్టారుగా తెలిసుంటారు. తెలుగు, ఇంగ్లీషు రెండు టైపులూ నేర్పేవారు. టైపుమిషన్ల కాలం పోయాక అదే మేడ మీది గదిలో, అవే బల్లల మీద, పాత కంప్యూటర్లు ఆరు పెట్టారు. ప్రతి కీబోర్డు మీదా తెలుగు అక్షరాలు కాగితం ముక్కల మీద రాసి అంటించారు. అవి చెమటకి చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రాసేవారు. ఆయన చేతిరాత చిన్నగా, గుండ్రంగా ఉండేది.

నేను పదో తరగతి అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళాను. మా నాన్న దింపు పనికి వెళ్తాడు. అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దించడం. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్తుంది. మా ఇంట్లో బడిలో కూర్చున్న మొదటి మనిషిని నేనే. బడికి పంపే ముందు అమ్మ నాకు నేర్పిన పాఠం ఒకటే: పెద్దవాళ్ళేం చెప్పినా "ఆయ్" అనాలి. మా గోదావరి వైపు ఆ మాటంటే అవునండి, సరేనండి, అలాగేనండి, మీరు చెప్పాక కాదంటానా అండి, అన్నీను. "అర్థం కాలేదండి" అంటే ఎదురు చెప్పినట్టే.

మేష్టారు నాకు మొదట ఒక సెలవు చీటీ టైపు చెయ్యమని ఇచ్చారు. ఎలా కొట్టాలో చెప్పారు, ఎలా దాచుకోవాలో చెప్పారు, అర్థమైందా అని అడిగారు. నేను ఆయ్ అన్నాను. కొన్ని వారాల తరవాత నా వెనక వచ్చి నిలబడ్డారు.

"నిన్నటి చీటీ ఏదమ్మాయ్?"

"లేదండి."

"లేదంటే?"

"సాయంత్రం పోయిందండి."

"మొన్నటిది?"

"అదీ పోయిందండి. రోజూ పోద్దండి."

కంప్యూటర్ అంటే పలకలాంటిదనుకున్నాను. సాయంత్రానికి తుడిచేస్తారు, పొద్దున్న మళ్ళీ రాయాలి. అందుకని రోజూ అదే చీటీ మొదటి నుంచీ కొడుతున్నాను. గదిలో మిగతావాళ్ళు నవ్వారు. మేష్టారు నవ్వలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"సేవ్ చెయ్యమని చెప్పేను కదమ్మా?"

"ఆయ్, చెప్పేరండి."

"అర్థమైందన్నావు కదా?"

"ఆయ్."

ఆయనకి అప్పుడు అర్థమైంది. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఒకే చీటీ ఇన్ని రోజులు కొట్టేవా! స్పీడు మాత్రం బ్రహ్మాండంగా వచ్చుంటుంది" అన్నారు. తరవాత మెల్లగా, "తప్పు నీది కాదులే. నువ్వు మర్యాద చేసేవు, నేను చదువనుకున్నాను" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ బస్సులో కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి ఆయన ఎవర్నీ అర్థమైందా అని అడగలేదు. "చేసి చూపించు" అనేవారు.

సైటు ఆలోచన ఫోన్ల వల్ల వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకుని మస్కట్‌లో కొట్టులో చేరినవాడు అక్కడి నుంచి ఫోన్ చేసి, "మేష్టారూ, ఫైలు కనపట్టం లేదండి, ఎక్కడ దాచేనంటారు?" అని అడిగేవాడు. ఈయన అన్నం కంచం ముందు కూర్చుని, "ముందు ఎడం పక్కన చూడు... కాదు, కింద..." అంటూ చెప్పేవారు. మేష్టారి భార్యని మేమంతా పిన్నిగారు అంటాం. ఆవిడ పక్కన నిలబడి, "అన్నం చల్లారిపోతుంది. ఆ ఫైలు ఎక్కడికీ పారిపోదు, కాస్త తినండి" అని కసిరేవారు. ఒకరోజు ఆయన నాతో, "నేను ఫోనెత్తని రోజొకటి వస్తుంది కదమ్మాయ్, అప్పుడు వీళ్ళు ఎవర్ని అడుగుతారు?" అన్నారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయి ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు సెంటరుకి సెలవు. ఆ సెలవు రోజున ఇద్దరం కూర్చుని పని మొదలుపెట్టాం.

నాకు కాలేజీ సైటు లాంటిది చెయ్యాలని ఉండేది. "పైన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తాయండి, పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికెళ్ళేలా పెడదామండి" అన్నాను. ఆయన చేతులు రెండూ ఎత్తి దండం పెట్టారు.

"కపిలేశ్వరపురం లంకల్లో ఫోనుకి ఒక్క గీత సిగ్నలుంటుందమ్మా. ఆ ఒక్క గీతకే మన పేజీ తెరుచుకోవాలి. పాస్‌వర్డు మర్చిపోయినవాడు పాస్‌వర్డు పాఠం ఎలా చదవాలి చెప్పు?"

అప్పుడే స్టాటిక్ సైటంటే ఏమిటో ఆయన తన పద్ధతిలో చెప్పారు. కొన్ని సైట్లు హోటళ్ళలాంటివి. మనం అడిగాక లోపల వండి తెస్తారు. వంటవాడు రాని రోజు హోటలు మూత. మనది గుళ్ళో ప్రసాదం లాంటిది. ముందే చేసి పెట్టేస్తాం. ఎవరొచ్చినా దోసిట్లో అదే పెడతారు. "వండినవాడు ఇంటికెళ్ళి పడుకున్నా ప్రసాదం ఆగదు" అన్నారు.

చూస్తే నిజంగా అంతే. ఒక ఫోల్డరు. అందులో పేజీకొక ఫైలు. నోట్‌ప్యాడ్‌లో రాసిన మామూలు వాక్యాలు, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని కంప్యూటర్‌కి తెలిసేలా చుట్టూ కొన్ని గుర్తులు. మొదటి పేజీకి ఇండెక్స్ అనే పేరు పెట్టాలి. సైటు తెరిచినవాళ్ళకి కంప్యూటర్ ముందుగా వెతికి ఇచ్చేది ఆ పేరున్న ఫైలునే. పేర్లలో ఖాళీలు వదలకూడదు. ప్రతి పేజీ అడుగునా వెనక్కీ ముందుకీ పోయే రెండు లింకులు. ఇంతకన్నా అందులో ఏమీ లేదు. నేను నాలుగైదు ఆదివారాల్లో అయిపోతుందనుకున్నాను. మూడేళ్ళు పట్టింది. రాయడానికి పట్టలేదు. పరీక్షించడానికి పట్టింది.

ఆయన పరీక్ష ఎలా ఉండేదంటే, ఎన్నడూ ఆ పని చెయ్యని మనిషిని పేజీ ముందు కూర్చోబెట్టేవారు. మేం వెనక నిలబడాలి. నోరు విప్పకూడదు, వేలు చూపించకూడదు. ఆ మనిషి ఎక్కడ ఆగితే అక్కడ పేజీ తప్పు, మనిషి తప్పు కాదు. మొదట దొరికింది కింద టైలరుగారే. యాభై దాటిన మనిషి, కొలతల పుస్తకం తప్ప ఇంకేదీ రాసి ఎరగరు. ఫోల్డరు తయారుచేసే పేజీ ఆయన ముందు పెట్టాం. చదివారు. తల ఊపారు. చెయ్యి మాత్రం కదలలేదు.

"చదివేరాండీ?" అన్నారు మేష్టారు.

"ఆయ్, చదివేనండి. చాలా బాగా రాసేరండి."

"మరి చెయ్యండి."

"ఆయ్, చేస్తానండి."

చెయ్యి కదలలేదు. చివరికి మేష్టారే, "ఏం ఇబ్బందండీ?" అన్నారు.

"ఇబ్బందేం లేదండి. కుడి బొత్తాం నొక్కమన్నారు కదండి. నా చొక్కాకి కుడి పక్కన ఆరు బొత్తాలున్నాయండి, ఏది నొక్కాలా అని ఆలోచిస్తున్నానండి."

"అర్థం కాలేదని చెప్పచ్చు కదండీ!"

"ఎంత మాటండీ! తమరు కష్టపడి రాస్తే అర్థం కాలేదంటామాండీ?"

మేష్టారు ఆ రోజు భోజనానికి వెళ్ళకుండా ఆ పేజీ అంతా తిరగరాశారు. మౌసు బొమ్మ గీసి దాని కుడి పక్కన చుక్క పెట్టారు. సాయంత్రం పిన్నిగారు ఫ్లాస్కుతో టీ పంపితే కొత్త నియమం ప్రకటించారు: ఈ గదిలో అర్థం కాలేదన్నవాళ్ళకే టీ. అర్థమైందన్నవాళ్ళు ఇంటికెళ్ళి తాగచ్చు. ఆ నెలంతా టైలరుగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "మేష్టారూ, ఇది కూడా కాలేదండి, కాస్త పంచదార ఎక్కువేయించండి" అనేవారు. అయితే పేజీలు మాత్రం నిజంగా బాగుపడ్డాయి. మర్యాద కోసం మింగేసిన మాటలన్నీ టీ కోసం బయటికొచ్చాయి.

నేను రాసినవాటిలో ఆయన కొట్టేసే మాటలు కొన్ని ఉండేవి. "సులువుగా" అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేసేవారు. "సులువో కాదో చేసేవాడు చెప్పాలి. వాడికి రాకపోతే, సులువైనది కూడా రాలేదే అని ఇంకా కుంగిపోతాడు." "మీకు తెలిసినట్లే" అని రాస్తే, "తెలిస్తే మన దగ్గరికెందుకొస్తాడు?" అనేవారు. ఒక పేజీలో ఒక్క పనే ఉండాలి. పేజీ చివర, చేసింది సరిగ్గా ఉంటే తెరమీద ఏం కనపడుతుందో చెప్పాలి. "దారి చెప్పి ఊరుకుంటే చాలదమ్మాయ్, ఊరొచ్చిందని ఎలా తెలుస్తుందో కూడా చెప్పాలి."

చివరి పేజీ నాకిచ్చారు. తయారైన ఫోల్డరుని నెట్లోకి ఎక్కించడం ఎలాగో చెప్పే పేజీ. ఒక్క ఆదివారంలో రాసి గర్వంగా చూపించాను. ఆయన నిదానంగా చదివారు.

"బావుంది. ఇది నీకు తెలుసని తెలుస్తోంది. తెలియనివాడికి తెలుస్తుందా?"

నా మొహం మాడిపోయింది. ఇంటికెళ్ళి మళ్ళీ చదువుకుంటే, మొదటి రెండు వాక్యాల్లోనే ఆరు పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు కనిపించాయి. ఒకప్పుడు నన్ను భయపెట్టిన మాటలే. అవి ఇప్పుడు నాకు వచ్చునని ఎవరికో చూపించుకోవాలనిపించిందేమో. మొత్తం మళ్ళీ రాయాలి. రాస్తానన్నాను.

అక్కడ ఆగిపోయాను. రోజూ నాలుగు బస్సులు, ఆఫీసులో తరగని ఎంట్రీలు, ఇంటికొచ్చేసరికి అమ్మ నడుం నొప్పితో పడుకుని ఉండేది. ఆదివారం బట్టలకీ వంటకీ సరిపోయేది. ముందు సైటు ఎక్కించేద్దాం, ఆ పేజీ తరవాత పెడదాం అని ఒకసారి అడిగాను కూడా. ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వెక్కిస్తే అది నువ్వెక్కించినట్టు. నీ పేజీ చూసి ఏమీ రానివాళ్ళు ఎక్కిస్తేనే సైటు ఎక్కినట్టు. నేనూ పోయి, నువ్వూ ఏ ఊరో వెళ్ళిపోతే దాన్ని చూసేదెవరమ్మా?"

తరవాత ఆయనకి గుండె నీరసించింది. కాళ్ళు వాచేవి. డాక్టరు మెట్లెక్కద్దన్నారు. సెంటరుకి తాళం పడింది. ఒక్క కంప్యూటర్ మాత్రం దింపించి ఇంటి ముందు గదిలో పెట్టించుకున్నారు. చూడ్డానికి వెళ్తే మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"చివరి పేజీ ఎందాకా వచ్చిందమ్మాయ్?"

"ఆయ్, అయిపోవచ్చిందండి."

ఆ ఫైలు తెరిచి అప్పటికి నెల దాటింది. ఆయన నన్నే చూశారు. కోపం లేదు.

"ఆ ఆయ్ నాకు తెలుసులే" అని నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది. తగ్గాక, "ఎక్కడో అర్థం కాలేదన్నమాట. ఎక్కడో చెప్పు, టీ ఇప్పిస్తాను" అన్నారు.

అర్థం కాక కాదండీ, అలిసిపోయానండీ అని చెప్పాల్సింది. ఆయన తప్పకుండా వినేవారు. బహుశా పేజీ ఇంకెవరికైనా ఇచ్చేవారు. సైటు ఎక్కడం చూసేవారు. నేను చెప్పలేదు. మళ్ళీ ఆయ్ అన్నాను. వంతెన మీద ఫోను ఆ తరవాత మూడు వారాలకి వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక పేజీ రాశాను. బస్సులో, ఫోనులో, నాలుగు పొద్దుల్లో రాశాను. నాలుగు పొద్దుల పని. ఇంతకన్నా దాని గురించి చెప్పడానికి నాకు ఓపిక లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పిన్నిగారు ముందు గదిలో ఒక్కరే ఉన్నారు.

"ఊరికే వచ్చినట్టు లేవు. చెప్పమ్మా."

"చివరి పేజీ అయిందండి పిన్నిగారూ. పరీక్షించడానికి ఏమీ రానివాళ్ళు కావాలండి."

"టైలరుగారున్నారు కదా."

"ఆయనకి అన్నీ వచ్చేసేయండి."

"అయితే ఇంక నేనే మిగిలేను" అంటూ ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇన్నేళ్ళూ టీ పంపారు గాని కంప్యూటర్ మీద ఒక్క మీటా నొక్కి ఎరగరు. నేర్చుకోమని మేష్టారు ఎన్నిసార్లు అడిగినా, "మీ ఒక్కరి మాటా వినడమే కష్టంగా ఉంది, దాని మాట కూడా వినాలా?" అనేవారట.

ఐదో తరగతి చదువు ఆవిడది. పేజీ పైకి చదువుతూ, ఒక్కో వాక్యానికీ ఒక్కో పని చేసుకుంటూ వెళ్ళారు. నేను వెనక నిలబడ్డాను. "పాఠాలు అన్న ఫోల్డరుని మౌసుతో పట్టుకుని తెరమీద కనిపించే పెట్టెలోకి లాగండి" అన్న చోట ఆగారు.

"పట్టుకోడమంటే ఏంటమ్మా? ఇది నాకు అర్థం కాలేదు."

నేను మాట్లాడలేదు.

"నిన్నే. చెప్పవేం?"

"చెప్పకూడదండి."

"బావుంది! ఆయన పోయినా ఆయన రూలు పోలేదు."

ఆ వాక్యం నా కాగితం మీద రాసుకున్నాను. ఆవిణ్ణి లేవమని, పేజీ సరిచేశాను. "మౌసు ఎడమ బొత్తాం నొక్కి అలాగే ఉంచండి. వేలు తియ్యకుండా జరపండి. పెట్టెలోకి వచ్చాక వేలు తియ్యండి." ఆవిడ మళ్ళీ కూర్చున్నారు. పెదవి కొరుక్కుంటూ, వేలు తియ్యకుండా, ఫోల్డరుని ఆ చివర నుంచి ఈ చివరకి లాక్కొచ్చి వదిలారు. ఫోల్డరు నెట్లోకి ఎక్కిందనడానికి గుర్తుగా ఆకుపచ్చ గీత నిండింది. పేజీ చెప్పినట్టే, తన ఫోనులో సైటు చిరునామా కొట్టారు. మేష్టారి మొదటి పేజీ తెరుచుకుంది. మూడేళ్ళ పని, అరచేతిలో.

ఆవిడ పై నుంచి కింద దాకా ప్రతి అక్షరం చదివారు. అడుగున ఆయన తనంతట తానే రాసిన వాక్యమొకటి ఉంది. దాన్ని నేనూ పట్టించుకోలేదు. "ఎక్కడైనా అర్థం కాకపోతే మొహమాటపడకండి. ఆదివారం తప్ప పది నుంచి అయిదు దాకా నేను ఇక్కడే ఉంటాను."

"ఇది తీసెయ్యాలి కదా" అన్నారు పిన్నిగారు. "పాపం, ఎవరైనా నిజమనుకుని వస్తారు."

రాసినదాన్ని దిద్ది మళ్ళీ ఎక్కించడం నా పేజీలో ఆఖరి భాగం. ఆవిడే చేశారు. ఫైలు తెరిచి, వాక్యం చివర నొక్కి, వెనక నుంచి ఒక్కో అక్షరమే చెరుపుకుంటూ వచ్చారు. సేవ్ చేశారు. ఫోల్డరు మళ్ళీ లాగి వదిలారు. ఫోను చూస్తే ఆ వాక్యం అలాగే ఉంది.

"పోలేదేమమ్మా?"

నేను నోరు విప్పలేదు. ఆవిడే పేజీలో తరవాతి వాక్యం పైకి చదివారు. "దిద్దినది కనిపించడానికి కొన్ని నిమిషాలు పట్టచ్చు. అంతవరకూ పాతదే కనిపిస్తుంది. కంగారు పడకండి."

ఒకసారి మళ్ళీ తెరిస్తే మారిపోయి ఉంటుందేమోనని నేను ఫోను వైపు చెయ్యి చాపాను. పరీక్షలో చెయ్యకూడని పని. ఆవిడ ఫోను పక్కకి జరుపుకున్నారు.

"ఉండనియ్యమ్మా. మారినప్పుడే మారుతుంది."

బయట ఎవరో కొబ్బరి మట్టలు ఈడ్చుకుపోతున్న చప్పుడు. మేమిద్దరం ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఫోను వెలుతురు తగ్గింది. ఇంక ఆరిపోతుందనగా పిన్నిగారు చూపుడువేలితో అద్దం మీద మెల్లగా తాకారు. మళ్ళీ వెలిగింది. మళ్ళీ తగ్గింది. మళ్ళీ తాకారు.